సిల్క్ రూట్ గ్రూప్ టూర్: ఖీవా, బుఖారా, సమర్కండ్ వెళ్లేముందు ఏజెంట్‌ని ఏం అడగాలి

మీ ప్రశ్న క్లుప్తంగా ఇది. హైదరాబాద్ నుంచి నాలుగు కుటుంబాలు కలిసి ఏప్రిల్‌లో సిల్క్ రూట్ మీద గైడెడ్ టూర్‌కి వెళ్దామనుకుంటున్నారు. వెంట అరవై దాటిన మీ అమ్మగారు, నాన్నగారు వస్తారు. అమ్మగారు పూర్తి శాకాహారి. ఏజెంట్ రెండు ప్లాన్లు ఇచ్చాడు. ఒకటి ఆరు రోజుల ఉజ్బెకిస్తాన్, రెండోది పన్నెండు రోజుల్లో మూడు దేశాలు. ఏది మేలు, గ్రూప్‌గా వెళ్లాలా సొంతంగా వెళ్లాలా అని మీరు అడిగారు. "గోపురాలు, సమాధులు తప్ప అక్కడ చూడటానికేముంది" అన్నది మీ నాన్నగారి ప్రశ్న.

గ్రూప్‌గానే వెళ్లండి. కానీ ఆ రెండు ప్లాన్లలో దేన్నీ ఉన్నదున్నట్టు ఒప్పుకోవద్దు. తెలుగువాళ్ల గ్రూపులను ఆ దారిలో తీసుకెళ్లడం కొన్నేళ్లుగా నా పని. అందుకే కాస్త వివరంగా రాస్తున్నాను.

మొదటి ప్లాన్ పేరుకి ఆరు రోజులు. అందులో ఒక రోజు చిమ్గాన్ కొండలు, కేబుల్ కార్, చార్వాక్ జలాశయం. ఒక సాయంత్రం డాన్స్ ప్రోగ్రాంతో గాలా డిన్నర్. ఒక పూట షాపింగ్. సమర్కండ్‌కి పొద్దున రైలెక్కి వెళ్లి రాత్రికి తాష్కెంట్ వచ్చేయడం. బుఖారాలో ఒకే ఒక్క రాత్రి. కొండలు బాగానే ఉంటాయి, కాదనను. అయితే ఆ ప్లాన్ మీద సిల్క్ రూట్ అని రాయడం అన్యాయం. అది తాష్కెంట్ సెలవుల ప్యాకేజీ. రెండో ప్లాన్‌లో కజకిస్తాన్‌లోని అల్మాటీ, కిర్గిజ్‌స్తాన్‌లోని బిష్కెక్ కూడా కలిపారు. అంటే సామాన్లు దింపుకుని సరిహద్దుల దగ్గర క్యూలో నిలబడటానికి పూటలకు పూటలు పోతాయి. పెద్దవాళ్లకు అన్నిటికన్నా అలసట తెచ్చేది ఆ క్యూలే. పాస్‌పోర్ట్‌లో ముద్రలు ఎక్కువ పడతాయి, చూసేది తక్కువవుతుంది.

నేనైతే ఒక్క ఉజ్బెకిస్తాన్‌కే పది రోజులు పెట్టమంటాను. తాష్కెంట్‌లో దిగి ఒక రాత్రి విశ్రాంతి. మర్నాడు విమానంలో ఉర్గెంచ్, అక్కడి నుంచి గంటలోపే ఖీవా. ఖీవాలో రెండు రాత్రులు, బుఖారాలో మూడు, సమర్కండ్‌లో మూడు, ఆ తర్వాత రైల్లో తాష్కెంట్. చాలామంది ఏజెంట్లు దీన్ని తలకిందులు చేస్తారు. సమర్కండ్‌తో మొదలుపెట్టి, చివర్లో అందరూ డీలా పడ్డాక ఎడారి దారి పెడతారు. ఖీవాతో మొదలుపెడితే ఒంట్లో ఓపిక ఉన్నప్పుడే దూర ప్రయాణం అయిపోతుంది. పైగా ఖీవా చిన్న ఊరు, బుఖారా దానికన్నా పెద్దది, సమర్కండ్ కట్టడాలు మరీ పెద్దవి. ఆ క్రమంలో చూస్తేనే బాగుంటుంది. సమర్కండ్‌లో మూడు పెద్ద మదరసాల మధ్య ఉన్న రెగిస్తాన్ అనే మైదానం చూసొచ్చిన కళ్లకు ఖీవా ఆనదు.

గ్రూప్‌గా ఎందుకంటే, ఆ దేశంలో సొంతంగా తిరగడం కష్టమని కాదు. రైళ్లున్నాయి, టాక్సీ యాప్ ఉంది, మనవాళ్లకు ఈ-వీసా ఆన్‌లైన్లోనే వస్తుంది, జనం మంచివాళ్లు. ఇండియా నుంచి వచ్చామంటే రాజ్ కపూర్ పేరెత్తి చెయ్యి పట్టుకుంటారు. మరి గ్రూప్‌తో వచ్చే లాభం రెండు చోట్ల. ఒకటి, వివరం తెలిసిన మనిషి పక్కన లేకపోతే అక్కడి ఇటుకలూ పలకలూ నోరు విప్పవు. మూడో మదరసా దగ్గరికి వచ్చేసరికి అన్నీ ఒకేలా నీలంగా కనిపిస్తాయి. మీ నాన్నగారి అనుమానం అక్కడ నూటికి నూరుపాళ్లు నిజమవుతుంది. రెండు, ఊరికీ ఊరికీ మధ్య సొంత బస్సు ఉంటే దారిలో ఎక్కడ కావాలంటే అక్కడ ఆగొచ్చు. ఇది వర్తకుల దారి కదా, దారిలో ఆగకుండా ఊళ్లు మాత్రమే చూసొస్తే సగం వదిలేసినట్టే.

అందుకని ఏజెంట్‌ని హోటల్ ఎన్ని స్టార్లని అడిగేముందు గైడ్ ఎవరని అడగండి. ఊరికో గైడ్ మారతాడా, మొదటి నుంచి చివరిదాకా ఒక్కరే ఉంటారా? ఒక్కరే ఉండేలా చూడండి. ఊరికొకరు వస్తే ప్రతివాడూ సమర్కండ్‌ను ఏలిన తైమూర్ పుట్టుక దగ్గర మళ్లీ మొదలుపెడతాడు. ఇంగ్లీషు ఇబ్బంది అనుకుంటే హిందీ మాట్లాడే ఉజ్బెక్ గైడ్లు కూడా దొరుకుతారు. తాష్కెంట్‌లో హిందీ నేర్పే స్కూళ్లున్నాయి, అక్కడ చదివినవాళ్ల హిందీ మనలో చాలామంది హిందీ కన్నా శుభ్రంగా ఉంటుంది. వీలైతే బుక్ చేసేముందు ఆ గైడ్‌తో పది నిమిషాలు వీడియో కాల్ అడగండి. "బుఖారాలో మన దేశపు వ్యాపారుల సంగతి చెప్పండి" అని ఒక్క ప్రశ్న వేయండి. చటుక్కున అందుకుని చెప్పినవాడు మీకు పనికొస్తాడు. "అవన్నీ వచ్చాక చూద్దాం సార్" అంటే వేరేవాళ్లను చూసుకోండి.

గ్రూప్ పన్నెండు నుంచి పద్దెనిమిది మంది దాకా ఉంటే బాగుంటుంది. మీ నాలుగు కుటుంబాలే ఇంచుమించు అంతమంది ఉంటారు కాబట్టి ప్రైవేట్ గ్రూప్‌గా అడగండి. నలభై మంది బస్సులో కలిపితే లెక్కపెట్టుకోవడానికే సమయం చాలదు. ఇక బుఖారా సందుల్లో వెనక నడిచేవాళ్లకు గైడ్ మాట ఒక్కటీ వినపడదు. చెవిలో పెట్టుకునే ఆడియో సెట్లు ఇస్తారా అని అడగండి. మీ నాన్నగారికి వినికిడి కాస్త తక్కువైతే ఇది తప్పనిసరి.

ఇక నాన్నగారి ప్రశ్నకు వస్తాను. గోపురాలు చూడటానికే వెళ్తే రెండో రోజుకే విసుగు పుడుతుంది. ఆ గోపురాలకు డబ్బు ఎక్కడి నుంచి వచ్చింది, ఏ సరుకు ఎవరి చేతిలోంచి ఎవరి చేతికి వెళ్లింది అన్న కంటితో చూస్తే మాత్రం పది రోజులు చాలవు.

ఖీవా గురించి ఎక్కువ రాయను. ఇచాన్ కాలా అనే మట్టిగోడల కోటలో ఊరంతా ఉంటుంది. 1990లో యునెస్కో జాబితాలో చేరింది. జుమా మసీదులో రెండు వందలకు పైగా చెక్క స్తంభాలున్నాయి, కొన్ని వెయ్యేళ్ల నాటివి, పాత కట్టడాల నుంచి తెచ్చి నిలబెట్టినవి. ఒక్కో స్తంభం చెక్కడం ఒక్కో తీరు. పొట్టిగా లావుగా ఆగిపోయిన కల్తా మినార్ దగ్గర అందరూ ఫోటోలు దిగుతారు, మీరూ దిగండి. తూర్పు ద్వారం దగ్గర ఆగి బానిసల బజారు సంగతి గైడ్‌ని అడగండి. 1873లో రష్యన్లు ఖీవాను ఆక్రమించేదాకా ఇక్కడ మనుషులను అమ్మారు. పట్టు, కాగితం, సుగంధ ద్రవ్యాల గురించి చెప్పే ప్యాకేజీ బ్రోచర్లు ఈ సరుకు పేరెత్తవు. ఖీవా చుట్టూ ఉన్న ఈ ఖ్వారెజ్మ్ నేల మీదే 973లో అల్‌బిరూనీ అనే పండితుడు పుట్టాడు. మన దేశం గురించి, మన లెక్కలూ పంచాంగాల గురించి అంత శ్రద్ధగా రాసిన పరదేశి మరొకరు ఆ రోజుల్లో లేరు.

ఖీవా నుంచి బుఖారాకి సుమారు 450 కిలోమీటర్లు, దారంతా కిజిల్‌కుమ్ ఎడారి. బస్సులో ఏడెనిమిది గంటలు అనుకోండి. రైలు కూడా ఉంది. అయినా పెద్దవాళ్లు ఓర్చుకోగలిగితే ఈ ఒక్కసారికి బస్సులోనే వెళ్లమంటాను. ఒంటె బిడారు రోజుకి 30, 35 కిలోమీటర్లకు మించి నడవదు. అంటే మీరు ఒక పగట్లో దాటే ఇసుకను వాళ్లు రెండు వారాలు నడిచారు. కిటికీలోంచి గంటల తరబడి అదే ఇసుక, అవే తుప్పలు చూశాక బుఖారాలో నీళ్ల కొలను కనిపిస్తే ఆ ఊరు ఎందుకు పుట్టిందో ఎవరూ చెప్పక్కర్లేదు. ఒక చోట అమూ దర్యా నది కనబడుతుంది, అక్కడ ఆపమనండి. ఈ దారిలో టెన్షన్ అంతా టాయిలెట్ల గురించే. ధాబాల దగ్గర ఉన్నవి ఎక్కువగా కింద కూర్చునేవి, శుభ్రం అంతంతమాత్రం. మోకాళ్ల నొప్పులున్నవాళ్లు ఉంటే మంచి టాయిలెట్ ఎక్కడుందో ముందే కనుక్కుని అక్కడ ఆగేలా డ్రైవర్‌తో మాట్లాడించండి. అది కుదరదంటే అమ్మగారి కోసం రైలే ఎక్కండి, మొహమాటపడొద్దు.

బుఖారాలో మూడు రాత్రులు ఎందుకంటే, ఈ దారిలో వ్యాపారం ఇంకా ఇటుకల్లో కనిపించే ఊరు ఇదే. నాలుగు దారులు కలిసే చోట గుమ్మటాలు కట్టి, కింద బజారు పెట్టారు. నగల పనివాళ్ల గుమ్మటం ఒకటి, టోపీలమ్మేవాళ్లది ఒకటి, డబ్బు మార్చే షరాబులది ఒకటి. పదహారో శతాబ్దంలో కట్టినవి ఇప్పటికీ బజార్లే. ఎండాకాలం కూడా లోపల చల్లగా ఉంటుంది. ఏ దిక్కు నుంచి బిడారు వచ్చినా సరుకు ఈ గుమ్మటాల కింద నుంచే పోవాలి, డబ్బు మార్చుకోవాలన్నా ఇక్కడే.

ఆ డబ్బు వ్యాపారంలో మనవాళ్లది పెద్ద చెయ్యి. ముల్తాన్ నుంచి, తర్వాత సింధులోని షికార్పూర్ నుంచి హిందూ వ్యాపారులు శతాబ్దాల పాటు ఇక్కడికి వచ్చి వడ్డీ వ్యాపారం చేశారు. నూలు బట్టలు, నీలిమందు అటు వెళ్లేవి, గుర్రాలు ఇటు వచ్చేవి. 1832లో బుఖారా వచ్చిన అలెగ్జాండర్ బర్న్స్ అనే బ్రిటిష్ అధికారి, ఆ ఊళ్లో సుమారు 300 మంది హిందువులు తమదైన ఒక సరాయిలో, అంటే వ్యాపారుల బసలో, ఉంటున్నారని రాశాడు. గుడి కట్టకూడదు, ఊరేగింపు తీయకూడదు, ఊళ్లో గుర్రమెక్కకూడదు, విడిగా తెలిసేలా దుస్తులు వేసుకోవాలి. ఇన్ని ఆంక్షల మధ్య కూడా బాకీల వసూళ్లలో మాత్రం వాళ్లకు రాజ్యం అండ ఉండేది. డబ్బు అవసరం రాజుకీ ఉంటుంది కదా. ఇంటినీ పెళ్లాంపిల్లలనూ వదిలి ఏళ్ల తరబడి అక్కడ బతికినవాళ్లు వాళ్లు. గల్ఫ్‌కి వెళ్లినవాళ్లు ఇంటింటికీ ఉన్న కరీంనగర్, నిజామాబాద్ గ్రూపులకు ఈ మాట చెప్పినప్పుడు బస్సులో కాసేపు ఎవరూ మాట్లాడరు.

ఇక్కడ ఒక మాట. కొందరు గైడ్లు, మన ఏజెంట్లు కూడా, "మీ పూర్వీకులు ఈ దారిలోనే నడిచారు" అని మనల్ని సంతోషపెట్టడానికి అంటుంటారు. తెలుగు నేలకు పరదేశ వ్యాపారం ముఖ్యంగా వచ్చింది సముద్రం మీద. కాకతీయ గణపతిదేవుడు 1244లో మోటుపల్లి రేవులో వేయించిన అభయ శాసనం చూడండి. ఓడ దెబ్బతిని ఒడ్డుకు కొట్టుకొచ్చినా ఆ సరుకు ఇకపై రాజు లాక్కోడని, ముప్ఫైలో ఒక వంతు సుంకం కడితే చాలని అందులో హామీ ఇచ్చాడు. సుంకాల పట్టికలో ముత్యాలు, పగడాలు, కర్పూరంతో పాటు పట్టు నూలు కూడా ఉంది. కాబట్టి బుఖారాలో లేని తాతలను వెతకొద్దు.

నిజంగా ఉన్న సంబంధం వేరే ఉంది. హైదరాబాద్ నిజాముల వంశ మూలపురుషుడు ఖ్వాజా ఆబిద్ సమర్కండ్ ప్రాంతం నుంచి వచ్చి మొఘలుల కొలువులో చేరినవాడు. 1687లో ఔరంగజేబు గోల్కొండను ముట్టడించినప్పుడు గుండు దెబ్బ తగిలి చనిపోయాడు. ఆయన సమాధి మీ ఊరి పక్కనే, కిస్మత్‌పూర్‌లో ఉంది. ఆయన మనవడే మొదటి నిజాం. బయల్దేరేముందు ఒక ఆదివారం అందరూ కలిసి అక్కడికి వెళ్లి రండి, ఖర్చు లేని తయారీ.

బుఖారాలోనే కల్యాన్ మినార్ ఉంది. 1127లో కట్టినది, దాదాపు 46 మీటర్లు. రాత్రిపూట పైన మంట వెలిగించి బిడారులకు దారి చూపేవారని చెప్తారు. 1220లో చెంగిజ్ ఖాన్ ఊరిని నాశనం చేసినప్పుడు కూడా ఇది నిలిచింది. లబీ హౌజ్ అనే కొలను గట్టున సాయంత్రం అందరూ టీ తాగుతారు. ఒకప్పుడు ఊరంతా ఇలాంటి కొలనులే, తాగునీరు వాటిదే, ఆ నీళ్ల వల్లే నారికురుపు కూడా. సోవియట్ కాలంలో చాలా కొలనులు పూడ్చేశాక ఆ జబ్బు పోయింది. ఒకప్పుడు బుఖారాను ఏలిన సామానీ రాజవంశం సమాధి చిన్నది. పదో శతాబ్దానిది, రంగు పలకలు లేవు, ఉత్త ఇటుకల అల్లిక. నా దృష్టిలో దేశం మొత్తంలో అందమైన కట్టడం అదే. గైడ్ పది నిమిషాల్లో లేవదీస్తాడు, మీరు లేవకండి.

బుఖారా నుంచి సమర్కండ్‌కి అందరూ హైస్పీడ్ రైలు వేస్తారు. గంటన్నరలో దింపేస్తుంది, ఏజెంట్‌కీ సులువు. ఇక్కడ మాత్రం పట్టుబట్టి బస్సు అడగండి. దారి సుమారు 270 కిలోమీటర్లు. నవాయీ ఊరి దగ్గర రబాతి మాలిక్ అనే పదకొండో శతాబ్దపు సరాయి ఉంది. మిగిలింది పెద్ద ముఖద్వారం, లోపల పునాదుల గీతలు. రోడ్డుకి అవతలి వైపు గుమ్మటం కప్పిన నీళ్ల తొట్టి, దాన్ని సర్దోబా అంటారు. నేటి హైవే సరిగ్గా ఆ రెంటి మధ్యలోంచి పోతుంది, లారీలు రయ్యిమని వెళ్తుంటాయి. సరాయిలో సరుకు ఎక్కడ దింపేవారు, పశువులు ఎక్కడ కట్టేవారు, తలుపు ఎప్పుడు మూసేవారు అన్నది ఆ పునాదుల మీద నిలబడి చెప్తే పిల్లలకు కూడా అర్థమవుతుంది. 2023లో యునెస్కో గుర్తించిన, సిల్క్ రూట్‌లోని జరఫ్షాన్-కారాకుమ్ మార్గంలో ఇదీ భాగమే. అరగంట ఆగితే చాలు. ఈ అరగంట ప్లాన్‌లో ఉందా లేదా అన్నదాన్ని బట్టే ఆ టూర్ వేసినవాడికి దారి తెలుసో లేదో నేను తేల్చుకుంటాను.

సమర్కండ్‌లో దిగగానే అందరినీ రెగిస్తాన్‌కి తీసుకెళ్తారు. ముందు అఫ్రాసియాబ్ మ్యూజియంకి తీసుకెళ్లమనండి. 1965లో బయటపడ్డ ఏడో శతాబ్దపు గోడచిత్రాలు అక్కడున్నాయి. వాటిలో, ఈ ప్రాంతపు పాతకాలం జనమైన సొగ్దుల రాజు దగ్గరికి దేశదేశాల రాయబారులు వస్తుంటారు. చైనా వాళ్ల చేతుల్లో పట్టు ఉంటుంది. ఈ సొగ్దులే అసలు సిల్క్ రూట్ వ్యాపారులు. చైనా నుంచి రోమ్ దాకా ఒక్క మనిషి సరుకు మోసుకుపోయింది దాదాపు లేదు. చేతులు మారుతూ పోయేది, ఆ చేతుల్లో ఎక్కువ సొగ్దులవి. 1907లో ఆరెల్ స్టైన్ అనే పురావస్తు పరిశోధకుడు చైనాలోని దున్‌హువాంగ్ దగ్గర ఒక పాడుబడ్డ కాపలా బురుజులో వాళ్ల ఉత్తరాల సంచి కనుక్కున్నాడు. నాలుగో శతాబ్దం మొదట్లోవి, చేరాల్సిన చోటికి చేరని ఉత్తరాలు. సమర్కండ్‌కి రాసిన ఒక దాంట్లో చైనా రాజధాని లోయాంగ్ తగలబడిందని, అక్కడున్న సొగ్దులు, భారతీయులు ఆకలితో చచ్చిపోయారని ఉంది. మరో ఉత్తరం మివ్నయ్ అనే ఆవిడది. మొగుడు ఆమెను, కూతురిని దున్‌హువాంగ్‌లో వదిలేసి పోయాడు. అమ్మ మాట, అన్నదమ్ముల మాట కాదని నీ మాట విని వచ్చాను అంటూ, నీ పెళ్లాంగా ఉండేకన్నా కుక్కకో పందికో పెళ్లాంగా ఉండటం నయం అని రాసింది. ఉత్తరాలు ఇప్పుడు లండన్‌లో బ్రిటిష్ లైబ్రరీలో ఉన్నాయి. సంగతి మాత్రం ఆ గోడచిత్రాల ముందు నిలబడి వినాలి. మీ నాన్నగారికి సిల్క్ రూట్ అక్కడ పట్టుబడుతుంది.

రెగిస్తాన్ చూసి నోరు తెరవనివాళ్లు లేరు. తైమూర్ మనవడు ఉలుగ్ బేగ్ కట్టించిన మదరసా 1420 నాటిది, ఎదురుగా పులుల బొమ్మలున్నది, మధ్యలోది రెండూ పదిహేడో శతాబ్దానివి. ఇప్పుడు మెరుస్తున్న పలకల్లో చాలా భాగం ఇరవయ్యో శతాబ్దపు మరమ్మతు. మంచి గైడ్ ఏది పాతదో ఏది కొత్తదో చూపిస్తాడు. బీబీ ఖానుమ్ మసీదు తైమూర్ 1398లో ఢిల్లీని దోచుకొచ్చాక మొదలుపెట్టినది, అక్కడి నుంచి తెచ్చిన ఏనుగుల చేత రాళ్లు మోయించాడు. ఉలుగ్ బేగ్ నక్షత్రశాలలో భూమిలోకి తవ్విన పెద్ద కొలత పరికరం మిగిలింది. అక్కడ తయారైన పట్టికలో 1018 నక్షత్రాలున్నాయి. జంతర్ మంతర్లు కట్టిన జైసింగ్ పనికి ఆధారాల్లో అదొకటి. తైమూర్ సమాధికి అరగంట చాలు. ఊరి బయట కోనిగిల్ అనే చోట మల్బరీ బెరడుతో కాగితం చేసి చూపిస్తారు. బెరడు ఉడకబెట్టి, నీటి చక్రంతో దంచి, పలచగా తీసి, గుండ్రాయితో రుద్ది నునుపు చేస్తారు. చెట్టు పట్టుపురుగులకు ఆకులిచ్చేదే. పిల్లలుంటే ఇది వదలొద్దు.

మీలో ఎవరికైనా చేనేత మీద ఆసక్తి ఉంటే రెండు రోజులు పెంచి ఫెర్గానా లోయలోని మర్గిలాన్ కలపండి. తాష్కెంట్ నుంచి రైలు, దారిలో 19 కిలోమీటర్ల సొరంగం వస్తుంది. అక్కడి ఇక్కత్ మన పోచంపల్లి, పుట్టపాక పనికి దూరపు చుట్టం. వాళ్లూ నూలు కట్లు కట్టి రంగులో ముంచి, ఆ తర్వాతే నేస్తారు. తేడా ఏమిటంటే వాళ్లు రంగులద్దేది పడుగుకే. మనవాళ్లు పడుగు, పేక రెంటికీ చిటికి కట్టి డిజైన్ కలిసేలా నేస్తారు. అద్రస్ అనే బట్టలో పడుగు పట్టు, పేక నూలు. ఒకసారి పోచంపల్లి వైపు నేతకారుల కుటుంబం మా గ్రూప్‌లో వచ్చింది. భాష రాకపోయినా మగ్గం దగ్గర వాళ్లూ వాళ్లూ గంటసేపు మాట్లాడుకున్నారు, గైడ్‌ని పక్కకు జరగమన్నారు.

తాష్కెంట్‌కి చివర్లో ఒక పగలు చాలు. చోర్సూ బజారు, మెట్రో స్టేషన్లు, మసీదులూ మదరసాలూ ఉన్న హజ్రతి ఇమామ్. లాల్ బహదూర్ శాస్త్రి గారు 1966 జనవరి 11న కన్నుమూసింది ఈ ఊళ్లోనే, ఆయన విగ్రహం ఉంది. పెద్దవాళ్లు అక్కడికి వెళ్దామని తప్పకుండా అడుగుతారు, ప్లాన్‌లో రాయించండి.

ఇప్పుడు అమ్మగారి భోజనం. దాచేదేం లేదు, కష్టమే కానీ ఉపవాసం ఉండాల్సినంత కాదు. ప్లోవ్, అంటే వాళ్ల పులావ్, మాంసంతో పాటే ఉడుకుతుంది, "ముక్కలు తీసేసి పెడతాం" అంటారు. సూపుల్లో కూరగాయలు పైకి కనిపించినా ఉడికించింది మాంసం నీళ్లలో. గోష్త్‌సిజ్ అంటే మాంసం లేకుండా అని. ఆ మాట నేర్చుకోండి, దాంతోపాటు సూపు దేంతో చేశారో కూడా అడగండి. అమ్మగారికి దొరికేవి: తందూర్‌లో కాల్చిన నాన్, గట్టి పెరుగు, టమాటా ఉల్లిపాయ సలాడ్, గుమ్మడికాయ సంసా (సమోసా లాంటిది), వేయించిన వంకాయ, డ్రైఫ్రూట్స్, గ్రీన్ టీ. సమర్కండ్ నాన్ బరువుగా ఉండి రోజుల తరబడి పాడవదు, బిడారు జనం తిండి మరి. నాన్‌ని బోర్లా పెట్టకూడదు, అక్కడివాళ్లు తప్పుగా చూస్తారు. కందిపొడి, కరివేపాకు పొడి తెచ్చుకోండి, నూనె పచ్చళ్లు సూట్‌కేసులో కారతాయి. ప్రతి రాత్రీ ఇండియన్ రెస్టారెంట్ అని ఏజెంట్ ఆశపెడతాడు. తాష్కెంట్‌లో సరే, ఖీవాలో అది మీరు ఊహించే భోజనం కాదు. అమ్మగారి ఒక్కరికే ముందుగా చెప్పి ఏర్పాటు చేయించి, మిగతావాళ్లు అక్కడి వంట తినండి.

మందుల విషయంలో జాగ్రత్త. కోడీన్ కలిసిన దగ్గు మందులు, ట్రమడాల్ లాంటి నొప్పి మాత్రలు, కొన్ని నిద్రమాత్రల మీద అక్కడ చాలా కఠినంగా ఉంటారు. పెద్దవాళ్ల మందుల పెట్టె ఒకసారి డాక్టర్‌కి చూపించి, అలాంటివి ఉంటే మార్పించుకోండి. మిగతావి అసలు ప్యాకింగ్‌లో, చీటీతో సహా తీసుకెళ్లండి. హోటల్‌వాళ్లు ఇచ్చే రిజిస్ట్రేషన్ కాగితాలు తిరుగు ప్రయాణం దాకా పారేయొద్దు. డాలర్లు మడతలు లేని కొత్త నోట్లు ఉంచుకోండి.

షాపింగ్ ఆపాలని ఎవరూ అనరు, కానీ "ఫ్యాక్టరీ విజిట్" పేరుతో రోజుకో దుకాణం పెడితే ఒప్పుకోవద్దు. గైడ్‌కి అందులో కమిషన్ ఉంటుంది, అది అక్కడ మామూలే, దానికి గొడవపడక్కర్లేదు. మొత్తం టూర్‌లో రెండు చోట్లకు మించకూడదని రాతపూర్వకంగా తీసుకోండి. చేతి కుట్టు సుజానీ (ఎంబ్రాయిడరీ గుడ్డ) కొంటే వెనక్కి తిప్పి చూడండి. మిషన్ కుట్టు మరీ సమంగా ఉంటుంది. పాతకాలం వస్తువులని చెప్పేవి కొనొద్దు. నిజంగా పాతవైతే అనుమతి కాగితం లేకుండా దేశం దాటనివ్వరు, పాతవి కాకపోతే మీ డబ్బు పోయినట్టు.

చివరగా, ఏప్రిల్ గురించి. వాతావరణం బాగుంటుంది, చెట్లు పూసి ఉంటాయి, మీ పిల్లల సెలవులకూ కుదురుతుంది. జూన్ నుంచి ఆగస్టు దాకా మాత్రం వద్దు, ఎండ నలభై దాటుతుంది. సెలవుల ఇబ్బంది లేకపోతే నేను సెప్టెంబర్ చివర్లో వెళ్లమంటాను, ముఖ్యంగా అమ్మగారి కోసం. ఖర్బూజాలు, ద్రాక్ష, దానిమ్మ అప్పుడే వస్తాయి. ఖ్వారెజ్మ్ ఖర్బూజాను ఎండబెట్టి ఇండియాకీ చైనాకీ పంపేవారని పద్నాలుగో శతాబ్దంలో ఇబ్న్ బతూతా అనే యాత్రికుడు రాశాడు, తాజాది తింటే ఎందుకో తెలుస్తుంది. ఏ నెలైనా సరే, సమర్కండ్ నుంచి తాష్కెంట్‌కి అఫ్రాసియాబ్ అనే హైస్పీడ్ రైలు టిక్కెట్లు సీజన్‌లో చాలా త్వరగా అయిపోతాయి. అవి గ్రూప్ అంతటికీ ఒకే రైల్లో కన్ఫర్మ్ చేశానని ఏజెంట్ చూపించాకే మిగతా డబ్బు కట్టండి.